గాలి తిరిగిన మధ్యాహ్నం

పగలు నిద్రపోయే మనుషుల కోసం భవనం కట్టడం ఎంత కష్టమో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. రాత్రి పడుకునేవాళ్లకు చీకటి, చల్లదనం, నిశ్శబ్దం వాటంతటవే దొరుకుతాయి. పగలు పడుకునేవాళ్లకు ఆ మూడూ మనం చేసిపెట్టాలి.

నేను ఆర్కిటెక్టుగా పనిచేసి రిటైరయ్యాను. నెల్లూరులో ఉంటూ ఆఫీసులు, బడులు, కల్యాణ మండపాలు, ఒక ఆసుపత్రి, చాలానే గీశాను. చివరి ఏళ్లలో ఎక్కువగా చేసింది హరిత భవనాల పని. కరెంటు తక్కువ తాగాలి, లోపలుండే మనిషికి ఒంటికీ మనసుకూ హాయిగా ఉండాలి. ఇప్పుడు ఆ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. మీరు చేసినవాటిలో బాగా గుర్తున్నది ఏది మేడం అని అడుగుతారు. తడ దగ్గర కట్టిన ఆడపిల్లల హాస్టల్ అంటాను. దానికి హరిత భవనమని ఆకు బొమ్మ ఉన్న ఫలకం ఇచ్చారు కదా అని వాళ్ల మొహాలు వెలుగుతాయి. ఆ తర్వాత నేను చెప్పేది విని చేతిలోని టీ తాగడం మర్చిపోతారు.

ఆ హాస్టల్ ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలది. గూడూరు, నాయుడుపేట, వెంకటగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు, అరవదేశం సరిహద్దు ఊళ్లవాళ్లు. పగటి షిఫ్టు వాళ్లకు కింది అంతస్తు, రాత్రి షిఫ్టు వాళ్లకు పై అంతస్తు. రాత్రంతా మిషన్ల ముందు నిలబడి, పొద్దున బస్సు దిగి, ఇంత తిని పడుకుంటారు. మధ్యాహ్నం దాటాక లేచి అన్నం తిని మళ్లీ సాయంత్రం బస్సెక్కుతారు.

గీయడం మొదలుపెట్టకముందే నేను వాళ్లతో కూర్చుని మాట్లాడాను. అప్పట్లో వాళ్లు రోడ్డు పక్కన ఒక అద్దె భవనంలో ఉండేవాళ్లు. మీకేం కావాలి అంటే మొదట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఆపడం నా వల్ల కాలేదు.

"రొయ్యల గుంటల వాసన మేడం. గాలి ఇటు కొట్టిందంటే తలకాయ పగిలిపోతాది," అంది ఒకమ్మాయి.

"కరెంటు పోతే ఊపిరాడదు. కిటికీ తీస్తే వడగాలి, మూస్తే ఉక్క," అంది ఇంకొకామె.

రెండూ తీర్చాను. హాస్టల్‌కు తూర్పున ఖాళీ భూమి, దాని తర్వాత పులికాట్ సరస్సు, ఆపైన సముద్రం. ఆ వైపు గోడలో పెద్ద జాలీ పెట్టి, దాని వెనక ఒక పెద్ద ఫ్యాన్ బిగించాం. అది బయటి గాలిని పీల్చి గొట్టాల గుండా ప్రతి గదికీ పంపుతుంది. రొయ్యల గుంటల వాసన రాకుండా దారిలో బొగ్గు పొర ఉన్న జల్లెడ పెట్టాం. కరెంటు పోయినా గాలి ఆగకుండా ఆ ఫ్యాన్‌ను జనరేటర్‌కు కలిపాం. కిటికీలకు ఎండ తగలకుండా నీడలు, మందపాటి గోడలు, వేడిని వెనక్కి కొట్టే తెల్లటి పైకప్పు. మొదటి వేసవిలో ఏసీ పెద్దగా వాడకుండానే గదులు చల్లగా ఉన్నాయి. నాకు అంతకంటే గర్వమనిపించిన పని ఇంకొకటి లేదు.

కట్టడం దగ్గరుండి చూసుకున్న ఇంజనీరుది కోవూరు. వరి పండించే ఇల్లు. నాకంటే బాగా చిన్నవాడు, అప్పటికి పెళ్లయి ఒక కూతురు. భవనం పూర్తయ్యాక ఫ్యాక్టరీవాళ్లు అతన్ని అక్కడే ఉంచుకుని హాస్టల్ బాగోగులు అప్పజెప్పారు. పని బాగా వచ్చు. ఎవరేం అడిగినా కాదనడం మాత్రం రాదు. కుళాయి కారుతోందని ఒకరంటే భోంచేస్తున్నవాడు చెయ్యి కడుక్కుని లేచేవాడు. కొత్త బియ్యం వస్తే ఇంటి నుంచి ఒక మూట తెచ్చి వార్డెన్‌కు ఇచ్చేవాడు.

వార్డెన్ సూళ్లూరుపేట ఆవిడ. చర్చిలో పాటలు పాడే గొంతు. అమ్మాయిలను నిద్ర లేపడానికి ఆవిడకు గంట అక్కర్లేదు. మధ్యాహ్నం మెట్లెక్కి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు కీర్తన పాడుకుంటూ నడిచేది. పాట ఏ గది ముందుకొస్తే ఆ గదిలో వాళ్లు లేచేవాళ్లు. "అక్కా, ఇంకో చరణం పాడు, అప్పుడు లేస్తాం," అని లోపల నుంచి బతిమాలేవాళ్లు. ఆవిడ పాడేది.

భవనం ఇచ్చేసిన రెండో వేసవిలో నేను మళ్లీ వెళ్లాను. కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఉండేవాళ్లకు నిజంగా హాయిగా ఉందో లేదో అడగాలి. ఈ మాట మీకూ చెబుతున్నాను, అడగండి. రోహిణి కార్తె. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. పొద్దున బస్సు దిగిన అమ్మాయిలతో క్యాంటీన్‌లో కూర్చున్నాను.

గూడూరు అమ్మాయి ఒకామె నాకు బాగా గుర్తు. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట్లాడితే చేతులు తిప్పేది. వాళ్లమ్మ గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో కాయలు ఏరే పని చేస్తుందని చెప్పింది.

"ఎట్టుంది ఇక్కడ?" అన్నాను.

"మా ఇంటికి పోతే నిద్ర పట్టడంలా మేడం. ఈడ పడుకుంటే వొళ్లు తెలీదు. ముందు జనరేటర్ మోత ఒకటుండేది, పడుకున్న కాసేపటికే లేపేసేది. అన్నకి చెప్పినాం. దూరంగా మార్పించినాడు. ఇప్పుడు ఏ బాధా లేదు."

పక్కనే నిలబడ్డ ఇంజనీరు సిగ్గుపడుతూ నవ్వాడు. "అది మీకు తర్వాత చూపిస్తా మేడం. ముందు భోజనం కానీయండి," అన్నాడు.

జనరేటర్ మొదట్లో భవనానికి ఉత్తరం వైపు, పడక గదుల కిటికీల దిగువనే ఉండేది. ఆ వేసవిలో కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. రాత్రంతా మేలుకున్న పిల్లలకు ఆ మోత నరకమే. వాళ్లు అడిగారు, ఇతను తీర్చాడు. మంచి పనే చేశాడనుకున్నాను.

అమ్మాయిలు పైకి వెళ్లి పడుకున్నారు. కాసేపటికి కరెంటు పోయింది. జనరేటర్ దానంతటదే మొదలైంది. ఎక్కడో దూరంగా సన్నటి గురగుర తప్ప ఏమీ వినపడలేదు. పై అంతస్తులో నిశ్శబ్దం. బయట నిప్పులు చెరుగుతున్న ఎండలో, నేను గీసిన గోడల వెనక అంతమంది ఆడపిల్లలు హాయిగా నిద్రపోతున్నారన్న తలంపే నాకు మజ్జిగ తాగినట్టు అనిపించింది.

మధ్యాహ్నం భోజనం చేసి నేనూ ఇంజనీరూ ముందు వసారాలో కూర్చున్నాం. పడమటి గాలి కొలిమి ముందు కూర్చున్నట్టు మొహాన కొడుతోంది. గేటు దగ్గర వాచ్‌మన్ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. జనరేటర్ గంటల తరబడి నడుస్తూనే ఉంది.

అప్పుడు గాలి తిరిగింది.

ఈ తీరంలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వేసవి మధ్యాహ్నం ఒక్క క్షణం గాలి స్తంభిస్తుంది, చెట్టాకు కదలదు, ఆ వెంటనే తూర్పు నుంచి చల్లగా తాకుతుంది. వాచ్‌మన్ తువ్వాలు తీసి, "వచ్చిందిరా తల్లీ," అన్నాడు. క్యాంటీన్‌లో వంటవాళ్లు గరిటెలు వదిలేసి బయటికొచ్చి నిలబడ్డారు. నేను కూడా కళ్లు మూసుకుని ఆ గాలిని పీల్చాను.

"మన గాలి వచ్చేసిందయ్యా," అన్నాను. "ఇక ఫ్యాన్ దీన్నే లోపలికి పంపుతుంది. పిల్లలకి ఇంకా హాయిగా ఉంటుంది."

"అవును మేడం," అన్నాడు.

ఆ మాటలు ఆ వసారాలో మేం నవ్వుతూ అనుకున్నాం.

కొంతసేపటికి వార్డెన్ మెట్లెక్కింది. కింద కూర్చున్న మాకు పాట వినపడుతోంది. మొదటి చరణం అయింది. రెండో చరణం అందుకుంది. పైనుంచి నవ్వులు, గొణుగుళ్లు, తలుపు చప్పుళ్లు ఏవీ లేవు. పాట కాస్త పెద్దదైంది. ఆ తర్వాత ఒక పదం మధ్యలో ఆగిపోయింది.

"నాయనా! పైకి రా! పిల్లలు లేవడంలా! పిల్లలు లేవడంలా!"

నేను ఎప్పుడు లేచానో, మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మొదటి గదిలోకి వెళ్లేసరికి నేను చూసింది నేను కోరుకున్న గదే. మసక చీకటి. చల్లదనం. పై గొట్టం నోటి నుంచి మెల్లగా వస్తున్న గాలి. ఏ వాసనా లేదు. దుప్పట్లు నడుముల దాకా కప్పుకుని పడుకున్న అమ్మాయిలు. తలుపు దగ్గర ఒకామె మాత్రం మంచం మీంచి సగం జారి, నేల మీద వాంతి చేసుకుని, లేవబోయి లేవలేక అక్కడే కూలబడి ఉంది. మిగతావాళ్లు ప్రశాంతంగా ఉన్నారు. వార్డెన్ ఒకమ్మాయి చెంపల మీద కొడుతోంది. ఆ తల అటూ ఇటూ వాలుతోంది, కళ్లు తెరుచుకోవడం లేదు.

"ఎండదెబ్బా మేడం?" అన్నాడు ఇంజనీరు. అతని గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

ఎండదెబ్బ ఎలా తగులుతుంది? గది చల్లగా ఉంది. నేను చుట్టూ చూశాను. అన్నంలో ఏమైనా కలిసిందా? పొద్దున వాళ్లతో పాటు అదే అన్నం నేనూ తిన్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనుషులు మాత్రం లేవడం లేదు. కిటికీలు బార్లా తీయమని అరిచాను. కింద ఉన్నవాళ్లను పిలవడానికి మెట్ల మలుపులో ఉన్న తూర్పు కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

అక్కడి నుంచి కిందికి చూస్తే జనరేటర్ కనపడింది. ఇంజనీరు నాకు తర్వాత చూపిస్తానన్నది. తూర్పు గోడకు ఎదురుగా, కొత్తగా పోసిన దిమ్మె మీద. అటు పడక గదుల కిటికీలు లేవు. ఎవరి నిద్రా చెడదు. ఈ మెట్ల కిటికీ కాక అటు ఉన్నది గాలి పీల్చే జాలీ ఒక్కటే.

పొగగొట్టం లోంచి పొగ పైకి లేవడం లేదు. సముద్రపు గాలికి వంగి, గోడకు ఆనుకుని పాకి, జాలీలోకి పోతోంది. దారం సూదిలోకి పోయినట్టు సాఫీగా పోతోంది. ఒక్క పోగు కూడా పక్కకు పోవడం లేదు.

నా వెనకే వచ్చిన ఇంజనీరు నా భుజం మీదుగా చూశాడు.

"నేనే పెట్టినా మేడం," అన్నాడు. "నేనే పెట్టినా ఆడ."

మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. జనరేటర్ ఆగింది. ఫ్యాన్ ఆగింది. భవనమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నాకు అప్పుడు ఆ నిశ్శబ్దం వినలేని మోతలా ఉంది.

తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గొట్టానికి చివర ఉన్న గదుల్లో అమ్మాయిలకు విషగాలి కాస్త తక్కువగా చేరింది. తల పట్టుకుని తూలుతూనే వాళ్లు లేచారు. దుప్పట్లతో సహా స్నేహితురాళ్లను ఈడ్చుకొచ్చారు. వంటవాళ్లు, వాచ్‌మన్, షిఫ్టు బస్సు డ్రైవరు అందరూ మోశారు. వార్డెన్ ఒకామెను భుజాన వేసుకుని మెట్లు దిగడం చూశాను. ఆవిడ వయసుకు, ఆవిడ మోకాళ్లకు అది ఎలా సాధ్యమైందో ఆవిడకూ తెలియదు. "ప్రభువా, ఒక్కరిని కూడా తీసుకోబాకు," అని పైకే అంటూ దిగింది.

అందరినీ ముందు వసారాలో పడుకోబెట్టాం. అదే తూర్పు గాలి వాళ్ల మొహాల మీద కొట్టింది. ఒక్కొక్కరూ దగ్గుతూ, మూలుగుతూ కళ్లు తెరిచారు. అంబులెన్సులు వచ్చాయి. వాటికోసం ఆగకుండా బస్సులో కొందరిని ఎక్కించి డ్రైవరు సూళ్లూరుపేటకు దూకించాడు.

గూడూరు అమ్మాయి మాత్రం కళ్లు తెరవలేదు. ఆమె మంచం గాలి గొట్టం నోటికి సరిగ్గా కిందే ఉండేది. ఆ చోటు కోసం అమ్మాయిలు పోటీ పడేవాళ్లట.

ఎవరూ చనిపోలేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చెప్పేటప్పుడు ఇక్కడికొచ్చాక వినేవాళ్లు నా మొహం వంక చూడలేక నేల చూస్తారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మాత్రం ఇంకోలా ఉండేదని నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు.

ఇంత పొగ పోతుంటే వాసన ఎందుకు రాలేదు అని మీరు అడుగుతారు. నేనూ ఆ సాయంత్రమంతా అదే అడుగుతూ తిరిగాను. రొయ్యల గుంటల వాసన కోసం పెట్టిన బొగ్గు జల్లెడ డీజిల్ వాసననూ, మసినీ పట్టేసింది. వాసన లేని విషవాయువు మాత్రం దానికి చిక్కదు, దాటిపోయింది. పిల్లలను లేపగలిగిన ఒక్క హెచ్చరికనూ జల్లెడ తుడిచేసింది. కరెంటు లేనప్పుడు ఊపిరాడాలని జనరేటర్‌కు కలిపిన ఫ్యాన్ ఆ గాలిని ఆపకుండా లోపలికి తోసింది. మోత లేకుండా నిద్రపట్టాలని జనరేటర్‌ను అక్కడికి మార్చారు. వాసన వద్దు, ఉక్క వద్దు, మోత వద్దు. మూడూ వాళ్లు అడిగినవే. మూడూ న్యాయమైనవే. విడివిడిగా చూస్తే దేంట్లోనూ తప్పు పట్టలేం.

మరి అంతకు ముందు ఎందుకు కాలేదు? వారానికోసారి జనరేటర్‌ను నడిపి చూసేది పొద్దున పూట. వేసవిలో పొద్దున పడమటి గాలి, పొగను తూర్పుకు ఖాళీ భూమి మీదికి తీసుకుపోతుంది. మార్చాక వచ్చిన కోతలు కూడా చిన్నచిన్నవి, పొద్దున పూటవి. మధ్యాహ్నం గాలి తిరిగాక జనరేటర్ అంతసేపు నడవడం అదే మొదలు.

ఫ్యాక్టరీ పెద్దలు మర్నాడే వచ్చారు. ఆఫీసు గదిలో అందరినీ కూర్చోబెట్టారు, ఇంజనీరును మాత్రం నిలబెట్టారు.

"ఎవరు చెప్తే మార్చావు?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"నేనే మార్చినా సార్."

"ఎవరినైనా అడిగావా?"

"లేదు సార్."

వార్డెన్ లేచి నిలబడింది. "పిల్లలు అడిగినారు. వాళ్లతో పాటు నేనూ అడిగినా. మార్చినాక దిమ్మె మీద టెంకాయ కొట్టింది వాళ్లు, ప్రార్థన చేసింది నేను. ఆ అబ్బయ్యని ఒక్కణ్ణే నిలబెట్టబాకండి సార్. నిలబెడితే మమ్మల్నందర్నీ నిలబెట్టండి."

పెద్దాయన ఇంజనీరుకు కుర్చీ చూపించాడు. అతను కూర్చోలేదు.

గూడూరు అమ్మాయి నెల్లూరు ఆసుపత్రిలో కళ్లు తెరిచిందని కబురొచ్చింది. నేనూ ఇంజనీరూ వెళ్లాం. దారి పొడవునా అతను కారు కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వరి కోసేసిన పొలాలు, నాయుడుపేట, గూడూరు, చివరికి నెల్లూరు.

అమ్మాయి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే వాళ్లమ్మ. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు ఇంకా నడుముకు దోపుకునే ఉంది. ఆ రోజు సంగతి అమ్మాయికి ఏదీ గుర్తులేదని డాక్టరు గారు బయటే చెప్పారు. ఇప్పుడు చెప్పింది కూడా నిలవడం లేదట. కొందరికి మెల్లగా సర్దుకుంటుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది అన్నారు.

అమ్మాయి మమ్మల్ని చూసింది. ఇంజనీరును చూసి మొహం విప్పారింది.

"అమ్మా, నేను చెప్పలా? ఈ అన్నే. జనరేటర్‌ని దూరంగా మార్పించినాడు. అప్పట్నించీ ఎంత బాగా నిద్ర పడతా ఉందో."

వాళ్లమ్మ చేతులు జోడించడానికి ఎత్తింది. కూతురికి మేలు చేసినవాడిని చూడగానే అలవాటుగా లేచిన చేతులు. అవి సగంలో ఆగిపోయాయి. జనరేటర్ పొగ వల్లే ఇదంతా జరిగిందని ఆవిడకు చెప్పారు. ఎవరు మార్చారన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో ఆవిడకు తెలిసిపోయింది. ఆ చేతులు కిందికీ దిగలేదు, పైకీ లేవలేదు. ఇంజనీరు నేల వంక చూస్తున్నాడు.

చివరికి ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నీకు బిడ్డలుండారా?" అంది.

"ఒక కూతురమ్మా."

ఆవిడ తలూపింది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు, పర్లేదు అనలేదు.

నేను అమ్మాయితో ఏదో మాట్లాడుతున్నాను. కాసేపటికి ఆమె తల తిప్పి, ఇంజనీరును అప్పుడే గదిలోకి వచ్చినవాడిలా చూసింది. మొహం మళ్లీ అలాగే విప్పారింది.

"అమ్మా, ఈ అన్నే. జనరేటర్‌ని దూరంగా మార్పించినాడు. ఎంత బాగా నిద్ర పడతా ఉందో."

అతను గది బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. వరండా చివర గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పక్కన నిలబడ్డాను, అంతే.

ఆ అమ్మాయి ఫ్యాక్టరీకి తిరిగి రాలేదు. చాలావరకు కోలుకుంది. కానీ మిషన్ పనిలో ఒకదాని తర్వాత ఒకటి గుర్తుపెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. వాళ్లమ్మతో పాటు మార్కెట్‌లో కాయలు ఏరుతోంది. ఫ్యాక్టరీవాళ్లు ఆమెకు చేయాల్సింది చేశారు, చేయించేదాకా వార్డెన్ వాళ్లను వదలలేదు.

భవనాన్ని మళ్లీ సరిచేశాం. జనరేటర్‌ను హాస్టల్‌కు దూరంగా, రోడ్డు వైపు ఒక మూలకు మార్చి, పొగగొట్టాన్ని పైకప్పు కంటే ఎత్తుకు లేపాం. గాలి పీల్చే జాలీని గోడ నుంచి తీసేసి డాబా మీదికి ఎక్కించాం. విషవాయువు వస్తే మోగే పరికరాలు ప్రతి గదిలోనూ పెట్టాం. పొద్దున, మధ్యాహ్నం, గాలి ఎటున్నా నడిపి చూశాం. ఇక భయం లేదని నేను అమ్మాయిలకు చెప్పాను.

వాళ్లు మర్యాదగా విన్నారు. విని, చాపలు తీసుకుని వసారాలోకి వెళ్లి పడుకున్నారు. ఆ ఎండలో, ఆ వడగాలిలో, మొహాల మీద తడి చున్నీలు కప్పుకుని. గదుల్లోకి ఒక్కరూ వెళ్లలేదు. రోజులు గడిచినా వెళ్లలేదు. నిద్ర లేక షిఫ్టులో తూలుతున్నారని ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు. నేను వాయువును కొలిచే మీటరు పట్టుకెళ్లి, అంకె సున్నా ఉండటం చూపించాను.

వెంకటగిరి అమ్మాయి ఒకామె దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీటరు నిద్రపోదు గదా మేడం," అని తిరిగిచ్చేసింది.

ఇంజనీరు ఆ మాట విన్నాడు.

ఆ మధ్యాహ్నం, సముద్రపు గాలి మళ్లాక, అతను తనే జనరేటర్ వేయించాడు. పై అంతస్తుకు వెళ్లి, గూడూరు అమ్మాయి ఖాళీ మంచం మీద పడుకున్నాడు. గాలి గొట్టం నోటికి సరిగ్గా కింద. కిటికీలు, తలుపు మూయమన్నాడు.

"తలుపు మూసే పనే లేదు," అంది వార్డెన్. ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి గుమ్మంలో వేసుకుంది. తలుపు ఆవిడ వీపుకు ఆనింది. నేను మీటరు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. అమ్మాయిలు వరండాలో గుంపుగా చేరారు.

కాసేపు గడిచింది.

"ఏం నాయనా, పలుకు," అంది వార్డెన్.

"బాగానే ఉండా అక్కా."

ఇంకాసేపు.

"పలుకు."

"ఉండానక్కా."

అమ్మాయిల్లో ఒకరు కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. పరికరం మోగలేదు. మీటరు కదలలేదు. గొట్టం లోంచి గాలి మెల్లగా వస్తూనే ఉంది. దూరంగా జనరేటర్ గురగురమంటోంది.

"పలుకు నాయనా."

జవాబు రాలేదు.

వార్డెన్ కుర్చీ వెనక్కి పడిపోయింది. నేను ముందుకు దూకాను. మీటరు నా చేతిలోంచి జారి నేల మీద పడింది. వరండాలో ఎవరో కెవ్వుమన్నారు. వార్డెన్ అతని మొహం మీదికి వంగి, చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తి ఆగిపోయింది.

అతను గురక పెడుతున్నాడు.

ప్రమాదం జరిగిన రోజు నుంచి అతను సరిగ్గా నిద్రపోలేదని వాళ్లావిడ అంతకు ముందే ఫోన్‌లో నాతో అంది. కళ్ల కింద నల్లటి గుంటలు, చొక్కా మాసి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పొలం పని చేసి వచ్చి పడుకున్నవాడిలా ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. అమ్మాయిలు ఒక్కొక్కరే గదిలోకి వచ్చారు. చెప్పులు బయట విడిచి, మునివేళ్ల మీద నడుస్తూ. వాళ్లలో వెంకటగిరి అమ్మాయి పక్క మంచం మీద కాసేపు కూర్చుంది. తర్వాత చున్నీ తల కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

వార్డెన్ అతని మంచం అంచున కూర్చుని, అరచెయ్యి అతని గుండె మీద పెట్టింది. అది పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంటే చూస్తూ, సాయంత్రం బస్సు హారన్ కొట్టేదాకా ఆ చెయ్యి తీయలేదు.